పక్క మీద ఐదున్నర గంటలు

నాన్నకు గుండె ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన రాత్రి ఇంట్లో అందరూ ఒళ్లు మరిచి నిద్రపోయారు, నేను తప్ప. అంతకుముందు పన్నెండు రాత్రులు ఆస్పత్రిలో ఆయన మంచం పక్కన కుర్చీలో కూర్చున్నదాన్ని నేనే. మానిటర్ చప్పుడు మారితే లేవాలి, సెలైన్ అయిపోవస్తే నర్సును పిలవాలి. ఇంటికొచ్చాక ఆ పనులేవీ లేవు. కానీ ఆ సంగతి నా ఒంటికి ఎవరూ చెప్పినట్టు లేరు. పక్క గదిలోంచి నాన్న గురక హాయిగా వినిపిస్తోంది. అది కాసేపు ఆగితే నా గుండె ఆగేది. మళ్లీ మొదలైతే అమ్మయ్య అనుకుని, ఇంకోసారి ఆగుతుందేమోనని చెవులు రిక్కించి పడుకునేదాన్ని.

రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుందిలే అనుకున్నాను. మూడు వారాలైంది. నాన్న మెల్లగా నడుస్తున్నారు, రాత్రి పడుకుంటే తెల్లారే లేస్తున్నారు. నాకు మాత్రం పదింటికి పడుకుంటే ఒంటిగంట దాటాక ఎప్పుడో మాగన్నుగా పట్టేది. మూడున్నరకల్లా కళ్లు తెరుచుకునేవి. ఇక తెల్లారేదాకా అటూ ఇటూ దొర్లడమే. విచిత్రమేమిటంటే, సాయంత్రం సోఫాలో టీవీ ముందు కూర్చుంటే కళ్లు వాలిపోయేవి. సరే, ఇవాళ పడుతుందని లేచి పడకగదిలోకి వెళ్లి దిండు మీద తల ఆనించగానే, లోపలెవరో లైటు వేసినట్టు తెలివి వచ్చేసేది.

రాత్రుళ్లు పడుకుని నేను కట్టిన లెక్కలు ఆఫీసులో ఏ ఏడాదీ కట్టి ఉండను. ఇప్పుడు పడితే ఐదు గంటలు. ఇప్పుడు పడితే నాలుగున్నర. కనీసం ఇప్పుడు పడినా మూడు గంటలు. రేపు మీటింగులో ఏం మాట్లాడతాను, ఇలాగే ఉంటే నా గుండెకేమవుతుంది, నాన్నకొచ్చింది నాకూ వస్తుందా. పక్కన మా ఆయన దిండుకు తల తగిలిన రెండు నిమిషాలకే నిద్రలోకి జారుకునేవారు. ఆయన్ని చూస్తే ఎంత కోపమొచ్చేదో చెప్పలేను. ఆ మనిషి చేసిన తప్పేమీ లేదు, నిద్రపోవడం తప్ప.

అప్పుడు మొదలుపెట్టాను చిట్కాల వేట. కనపడిన ప్రతి చిట్కా రాసుకున్నాను, ఒక్కటీ వదలకుండా పాటించాను. మందపాటి కర్టెన్లు, చెవుల్లో దూది, గోరువెచ్చటి నీళ్లతో స్నానం, కాళ్లకు నూనె మర్దన, ఫోన్‌లో వాన చప్పుడు, నాలుగు లెక్కపెడుతూ పీల్చి ఏడు లెక్కపెడుతూ ఆపి ఎనిమిది లెక్కపెడుతూ వదిలే శ్వాస. త్వరగా పడుకుంటే మంచిదన్నారని తొమ్మిదికే పక్క ఎక్కేదాన్ని. కాస్తయినా కలిసొస్తుందని పొద్దున ఆరున్నరదాకా, సెలవురోజైతే ఎనిమిదిదాకా లేచేదాన్ని కాదు. మధ్యాహ్నం వీలు దొరికితే గంటసేపు నడుం వాల్చేదాన్ని. చివరికి ఎనిమిది గంటల నుంచే ఇంట్లో ఒక పూజలాంటి తంతు నడిచేది. మా అమ్మాయి గట్టిగా నవ్వినా కసురుకునేదాన్ని. ఆ తంతులో ఒక్కటి తప్పినా, ఇవాళ నిద్ర పట్టదని ముందే తీర్మానం అయిపోయేది. పట్టేదీ కాదు.

నిద్రను లెక్కగట్టే చేతి గడియారం ఒకటి కొనుక్కున్నాను. ఇది నేను చేసిన పనులన్నిటిలోకీ తెలివితక్కువది. పొద్దున లేవగానే నాకెలా ఉందో నన్ను అడగడం మానేసి దాన్ని అడిగేదాన్ని. ఫర్వాలేదనిపించిన రోజున అది నలభై మార్కులు వేస్తే, ఆ క్షణం నుంచే నీరసం మొదలు. ఇలా గడియారం చెప్పే అంకెల కోసం నిద్ర చెడగొట్టుకునేవాళ్లు ఎంతమంది ఉన్నారంటే, 2017లో అమెరికా పరిశోధకులు దీనికి ‘ఆర్థోసోమ్నియా’ అని ఒక పేరే పెట్టారు. ఆ సంగతి నాకు చాలా తర్వాత తెలిసింది.

రెండో నెలలో మాకు తెలిసిన డాక్టరు రెండు వారాలకు నిద్రమాత్రలు రాశారు. వేసుకున్న మొదటి రాత్రి నిద్రపోయాను. పొద్దున్నే లేచి ఏడ్చాను, అంత సంతోషం. రెండు వారాలయ్యాక ఆపితే అంతకుముందున్న కాస్త కునుకూ పోయింది. మాత్ర ఆపగానే కొన్నాళ్లు నిద్రలేమి తిరగబెట్టడం మామూలేనని నాకు తెలియదు. మాత్ర లేకపోతే నాకిక నిద్రే రాదని నమ్మేశాను. ఆ నమ్మకం మాత్రకంటే ఎక్కువ కాలం ఒంట్లో ఉండిపోయింది.

ఏడో నెలలో ఒక సాయంత్రం కారు నడుపుతూ సిగ్నల్ దగ్గర ఆగాను. వెనకవాళ్ల హారన్లకు ఉలిక్కిపడితే ఆకుపచ్చ లైటు ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. బ్రేకు మీద కాలు ఉండబట్టి సరిపోయింది. ఇంటికొచ్చి తాళాలు మా ఆయన చేతిలో పెట్టేసి, నిద్ర జబ్బులు చూసే డాక్టరు కోసం వెతికాను.

ఆవిడ మొదట నాకు నిద్ర గురించి ఏమీ చెప్పలేదు. గురక పెడతానా, నిద్రలో ఊపిరి ఆగినట్టు ఎవరైనా గమనించారా, రాత్రి పడుకుంటే కాళ్లు కదపకుండా ఉండలేనట్టు లాగుతాయా, మనసు దిగులుగా ఉంటుందా, ఏయే మందులు వాడుతున్నాను, ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా అని అడిగారు. థైరాయిడ్‌కీ, ఒంట్లో ఐరన్ నిల్వలకీ రక్తపరీక్షలు రాశారు. అన్నీ బాగానే ఉన్నాయి. వారానికి కనీసం మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు ఇలా ఉంటే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారట. నాది ఏడు నెలలది.

‘రెండు వారాలు డైరీ రాసుకురండి. గడియారం చూడకుండా, పొద్దున లేచాక అంచనాగా రాస్తే చాలు’ అన్నారు. రాసుకెళ్లాను. ఆవిడ కూడికలు చేసి కాగితం నా వైపు తిప్పారు. రోజుకు సగటున తొమ్మిదిన్నర గంటలు పక్క మీద ఉంటున్నాను. నిద్రపోయేది ఐదు గంటల ఇరవై నిమిషాలు. అంటే నూటికి యాభై ఆరు. మామూలుగా అది ఎనభై ఐదుకు పైన ఉండాలి.

‘మరి మీ పక్క మీ ఒంటికి ఏం నేర్పుతోంది? ఇది మేలుకుని ఉండే చోటు అని రోజూ నాలుగు గంటలు పాఠం చెబుతున్నారు కదమ్మా’ అన్నారు.

నిద్రలేమి మొదలవడానికి కారణం ఒకటి, అది మానకుండా ఉండడానికి కారణం ఇంకొకటి అని ఆవిడ చెప్పిన మాట నా ఏడు నెలల్నీ తలకిందులు చేసింది. ఆర్థర్ స్పీల్‌మన్ అనే అమెరికా మానసిక శాస్త్రవేత్త 1980లలో చెప్పిన లెక్క అది. కొందరికి స్వతహాగానే కాస్త కలత నిద్ర. పైన ఏదో కష్టం వచ్చి పడుతుంది. ఆ కష్టం తీరాక కూడా నిద్ర రాకపోతే, నిద్ర కోసం మనం చేసే పనులే దాన్ని మోస్తున్నాయన్నమాట. నాన్న ఎప్పుడో కోలుకున్నారు. నా జబ్బును పెంచి పోషిస్తున్నవి తొమ్మిదికే పక్క ఎక్కడం, పొద్దెక్కేదాకా దొర్లడం, మధ్యాహ్నపు కునుకు, ఆ గడియారం. అంటే నేను శ్రద్ధగా పాటించిన వాటిలో సగం.

చికిత్స చెప్పినప్పుడు తప్పుగా విన్నాననుకున్నాను. రాత్రి పన్నెండున్నరకు ముందు పక్క ఎక్కకూడదు. పొద్దున ఆరింటికి, రాత్రి నిద్ర పట్టినా పట్టకపోయినా, సెలవైనా, జ్వరం తప్ప ఏమున్నా లేచిపోవాలి. పగటినిద్ర లేదు. పక్క ఎక్కాక దాదాపు ఇరవై నిమిషాలు గడిచాయనిపిస్తే లేచి వేరే గదిలోకి వెళ్లిపోవాలి, మళ్లీ కళ్లు మూతలు పడితేనే రావాలి. పక్క మీద చదవడం, ఫోన్ చూడడం, ఆలోచించడం ఏవీ లేవు.

‘అసలే నిద్ర లేక చస్తుంటే ఉన్నదాన్ని కూడా తగ్గించమంటారా?’ అన్నాను.

‘నిద్రను తగ్గించమనలేదండీ. పక్క మీద ఉండే టైము తగ్గించమన్నాను. గ్లాసుడు నీళ్లు పళ్లెంలో పోస్తే అడుగు తడుస్తుంది అంతే. అవే నీళ్లు గ్లాసులో పోస్తే నిండుతుంది.’

మనం మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పోగవుతూ నిద్ర ఒత్తిడిని పెంచుతుంది. మధ్యాహ్నం కునుకు తీస్తే ఆ ఒత్తిడి కాస్తా దిగిపోతుంది, ఇక రాత్రికి ఏం మిగులుతుంది? మాత్రల కంటే ముందు ఈ పద్ధతినే ప్రయత్నించాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే చెప్పిందట. దీని పేరు నిద్రలేమికి సీబీటీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చి నయం చేసే చికిత్స (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ). పేరు వింటే ఏదో గంటల తరబడి మాట్లాడించే వ్యవహారంలా ఉంటుంది. నా వరకూ అందులో ముప్పాతిక వంతు పన్నెండున్నరదాకా కూర్చోవడమే.

ఆ కూర్చోవడం ఉంది చూశారూ! ఏడు నెలలుగా నిద్ర రాని మనిషిని, మొదటి వారంలో పదకొండింటికే నిద్ర ఆపుకోలేక చచ్చాను. సోఫాలో కూర్చుంటే ఒరిగిపోతానని నిలబడి బట్టలు మడతపెట్టేదాన్ని. మడతపెట్టినవే విప్పి మళ్లీ మడతపెట్టేదాన్ని. మా ఆయన నాకు తోడుగా కూర్చుంటానని కూర్చుని, పదిన్నరకే ఆ కుర్చీలోనే గురక. నాలుగో రోజు పొద్దున ఆరింటికి అలారం మోగితే, డాక్టరును తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. నేనేమో సుఖమంతా సమకూర్చి నిద్రను పిలిచాను గానీ, నిద్ర ఆకలి పుట్టనిస్తేనా?

తొమ్మిదో రోజు అలారం మోగితే మెలకువ వచ్చింది. అంటే అలారానికి ముందు రాలేదు. మంచం మీద కూర్చుని కాసేపు అలా ఉండిపోయాను.

తర్వాత కథ మెల్లగా నడిచింది. వారం సగటు ఎనభై ఐదు దాటితే, పడుకునే సమయం పదిహేను నిమిషాలు ముందుకు జరుపుకోవచ్చు. పన్నెండుంబావు, పన్నెండు, పావు తక్కువ పన్నెండు. ఒక వారం వెనక్కి పోయింది కూడా. మూడో నెల నడుస్తుండగా పదకొండు నుంచి ఆరు దగ్గర స్థిరపడ్డాను. ఏడు గంటలు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి, ఇది చదివి ఎవరూ ఇవాళ్టి నుంచే సొంతంగా మొదలుపెట్టకండి. మొదటి వారాల్లో పగలు మత్తుగా ఉంటుంది. నన్ను కారు ముట్టుకోవద్దన్నారు. ఫిట్స్ ఉన్నవాళ్లకు, బైపోలార్ (మనసు విపరీతంగా ఉప్పొంగడం, కుంగిపోవడం మారి మారి వచ్చే జబ్బు) ఉన్నవాళ్లకు నిద్ర తగ్గితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది. గురకపెడుతూ ఊపిరి ఆగేవాళ్లకు కావాల్సిన వైద్యం వేరే.

చిట్కాలన్నీ దండగని అనడం లేదు. కొన్ని ఇప్పటికీ నాతోనే ఉన్నాయి. కాఫీ మధ్యాహ్నం తర్వాత ముట్టను. కెఫీన్ ఆ అడెనోసిన్‌కు అడ్డుపడుతుంది, తాగినదాంట్లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం నాలుగింటి కాఫీ రాత్రి తొమ్మిదికి సగం, రెండింటికి పావు వంతు ఇంకా లోపలే ఉంటుంది. పొద్దున లేవగానే బయట వెలుతురులో ఇరవై నిమిషాలు నడుస్తాను. ఒంటి గడియారాన్ని సరిచేసేది అన్నిటికంటే ముందు ఆ వెలుతురే. గది కాస్త చల్లగా ఉంచుకుంటాను, గోడగడియారం పడకగదిలోంచి తీసేశాను. రేపటి టెన్షన్లన్నీ రాత్రి భోజనానికి ముందే ఒక పుస్తకంలో రాసేసి మూసేస్తాను. అర్ధరాత్రి అవే గుర్తొస్తే ‘రాశాను కదా’ అని చెప్పుకుంటాను. రోజూ పనిచేయదు, చాలాసార్లు చేస్తుంది.

ఫోన్ విషయంలో అందరూ నీలికాంతి అంటారు. నా అనుభవంలో కాంతి కంటే అందులో చదివినదే ఎక్కువ చేటు. ఆఫీసు మెయిల్ ఒకటి చూశానంటే, తెరను ఎంత మసక చేసినా నిద్ర చెడేది చెడేదే.

నిద్రను లెక్కగట్టే ఆ చేతి గడియారం మా అమ్మాయికి ఇచ్చేశాను. దాంతో అడుగులు లెక్కపెట్టుకుంటోంది. దిండు మీద శ్వాసలు లెక్కపెట్టడం కూడా మానేశాను. అది బుర్రకు హోంవర్కులా ఉండేది. డాక్టరు దానికి బదులు ఇంకో చిత్రమైన పని చెప్పారు. దీపం తీశాక కళ్లు తెరుచుకుని, ఇంకాసేపు మేలుకుని ఉందాం అనుకోమన్నారు. నవ్వొచ్చింది గానీ, మేలుకుని ఉండాలని నిజంగా ప్రయత్నిస్తే ఎంత కష్టమో చేసి చూస్తే తెలుస్తుంది. మన భాషలో ‘నిద్ర పట్టింది’ అంటాం. పట్టేది నిద్ర, మనం కాదు. నేనేమో ఏడు నెలలు వల పుచ్చుకుని దాని వెంట తిరిగాను.

పోయిన నెల నాన్నకు ఏడాది చెకప్ ఉంది. దానికి ముందు రెండు రాత్రులు నాకు నిద్ర సరిగా పట్టలేదు. రెండో రాత్రి లేచి హాల్లోకి వచ్చి చిన్న దీపం వేసుకుని కూర్చున్నాను. కాసేపటికి నాన్న మంచినీళ్ల కోసం లేచి వచ్చారు.

‘ఏమ్మా, నిద్ర పట్టలేదా?’

‘లేదు నాన్నా. పడుతుందిలే.’

‘నాకూ పట్టట్లేదే’ అంటూ ఎదురు కుర్చీలో కూర్చున్నారు. రేపు డాక్టరుని ఏమేం అడగాలో చెప్పడం మొదలుపెట్టి, మూడో ప్రశ్న సగంలోనే తల వాల్చేశారు. గురక. ఆ గురక వింటూ కూర్చున్నాను, లెక్కపెట్టకుండా. కొంతసేపటికి నా కళ్లూ మూతలు పడ్డాయి. కుర్చీలో నిద్రపోకూడదన్న నియమం గుర్తొచ్చి, ఆయన్ని లేపి ఆయన గదికి పంపించి, నేను నా పక్క మీదికి వెళ్లాను. ఆరింటికి అలారం మోగింది.