మిషను మెడకి చీగోంగ్, యోగా: సాధన ఎంతవరకు వచ్చింది, ఏ టీచరు దగ్గర ఏం దొరికింది

ముందు ఇప్పుడు ఎక్కడున్నానో చెప్తాను. పొద్దున్నే కొట్టు తీయకముందు బాదువాన్‌జిన్ ఒక చుట్టు, అంటే చీగోంగ్ అనే చైనా సాధనలో ఊపిరితో మెల్లగా చేసే ఎనిమిది కదలికల వరస, పన్నెండు పదమూడు నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత మోకాళ్ళు కొద్దిగా వంచి, చేతులు ఛాతీ ముందు గుండ్రంగా పట్టుకుని కదలకుండా నిలబడటం. ఆపైన గోడ దగ్గర మూడు నాలుగు ఆసనాలు, శవాసనం. రాత్రి పడుకునే ముందు భ్రామరి, తుమ్మెదలా సన్నగా శబ్దం చేస్తూ ఊపిరి వదలడం. నిలబడటం మొదట్లో రెండు నిమిషాలకే భుజాలు మండిపోయేవి, ఇప్పుడు పది నిమిషాల దాకా నిలబడుతున్నాను, మంట ఇంకా ఉంది కానీ అది ఎక్కడ మొదలవుతుందో ముందే తెలిసిపోతోంది, తెలిసిన చోట బిగువు వదలడం కూడా వస్తోంది. ఎడమ చేతి వేళ్ళలో తిమ్మిరి బాగా తగ్గింది. మెడ కుడివైపు తిప్పితే మాత్రం ఇంకా పట్టేస్తోంది.

నాది అంబాజీపేట దగ్గర టైలరింగ్ కొట్టు. శ్రావణమాసం, మాఘమాసం వచ్చాయంటే జాకెట్లు గుట్టలు పడతాయి, తల వంచి ఎడమ భుజం ముందుకు తోసి గంటల తరబడి మిషను మీదే. అమలాపురంలో ఎముకల డాక్టరుగారు ఎక్స్‌రే చూసి ఎముకలో పెద్ద తేడా లేదమ్మా, కండరాలు బిగుసుకుపోయాయి అన్నారు, ఫిజియోథెరపీ రాశారు. అది అయ్యాక కూడా రోజూ చేసుకునేది ఏదో ఒకటి కావాలనిపించి ఇటు వచ్చాను, వచ్చాక ఇష్టం పెరిగిపోయింది. ఈ మధ్య కొట్టుకి వచ్చే ఆడవాళ్ళు "ఎవరి దగ్గర నేర్చుకోమంటావక్కా" అని అడుగుతున్నారు. అందుకే ఈసారి టీచర్ల గురించి ఎక్కువ రాస్తున్నాను.

యోగాలో నా మొదటి గురువు రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఇంటి అరుగు మీద అయిదారుగురికి చెప్తారు, అంతకంటే ఎక్కువమందిని రానివ్వరు. మొదటి రోజు నాతో ఏ ఆసనమూ వేయించలేదు. నడిపించారు, కుర్చీలో కూర్చుని లేవమన్నారు, గోడకి వీపు ఆనించి చేతులు పైకెత్తమన్నారు. నేను ఎడమ చెయ్యి చెవి దాకా తేవడానికి గింజుకుంటుంటే, "ఏవమ్మా, అది పైదాకా రావాలని నీకెవరు చెప్పారు? ఊపిరి ఎక్కడ బిగిసిందో అక్కడే ఆపు" అన్నారు. "ఆయ్, అలాగేనండి మాస్టారూ" అని ఆపాను. అక్కడి నుంచి చెయ్యి పైకి లేవడానికి చాలా వారాలు పట్టింది, కానీ లేచినప్పుడు నొప్పి లేకుండా లేచింది.

మాస్టారు మాటల్లో ఎప్పుడూ యోగా గురువు కృష్ణమాచార్యగారు వస్తారు. 1888లో పుట్టి 1989 దాకా నూరేళ్ళు బతికిన మనిషి, 1930ల్లో మైసూరు మహారాజు ఆదరణతో ప్యాలెస్‌లో యోగశాల నడిపారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళని చూడండి: పట్టాభి జోయిస్ చెమటలు కారేలా వరసగా దూకించేవారు, బి.కె.ఎస్. అయ్యంగార్ ఒక్క ఆసనంలోనే నిలబెట్టి మడమ దగ్గర్నుంచి సరిచేసేవారు, ఇంద్రాదేవి మెత్తగా నేర్పారు, కొడుకు దేశికాచార్ ఒక్కొక్కరికీ విడిగా చెప్పే పద్ధతి పట్టుకుని 1976లో చెన్నైలో కృష్ణమాచార్య యోగ మందిరం పెట్టారు. ఒకే గురువు, ఇన్ని దారులు. ఎదురుగా ఉన్న ఒంటిని బట్టి చెప్పడం వల్లే అలా అయిందని మాస్టారు అంటారు, నాకూ అదే నమ్మకం. కొలతలు తీసుకోకుండా జాకెట్టు కుట్టి ఇస్తే ఎవరికి పడుతుంది?

అయ్యంగార్‌గారి సంగతి నాకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. చిన్నప్పుడు మలేరియా, టైఫాయిడ్, క్షయ అన్నీ వచ్చి నీరసించిపోయిన పిల్లాడు. అందుకేనేమో వంగలేనివాళ్ళకి చెక్క దిమ్మలు, బెల్టులు, కుర్చీలు, తాళ్ళు పెట్టి నేర్పించే దారి ఆయనే బాగా పెంచారు. అవన్నీ కొనక్కర్లేదు. నేను త్రికోణాసనానికి ఇటుకని పాత టవల్‌లో గట్టిగా చుట్టి వాడతాను, బెల్టు బదులు పాత నూలు చీర అంచు చింపుకున్నాను, మెడ కింద అరచెయ్యి మందాన మడిచిన దుప్పటి. ఈ దుప్పటి మందం చాలా ముఖ్యం, గడ్డం పైకి లేచిందంటే మందం చాలట్లేదని అర్థం. ప్లాస్టిక్ మ్యాట్ మన వర్షాకాలపు ఉక్కకి చెమటతో జారుతోంది, నిలబడి చేసేవాటికి ఉత్త గచ్చు నేలే నయం.

చీగోంగ్ వీడియో క్లాసులో నేర్చుకున్నాను, చెన్నైలో ఉండే ఒక తెలుగావిడ దగ్గర. ఫోన్‌లో ఏం నేర్పుతారులే అనుకునేవాళ్ళకి ఇది చెప్పాలి. మొదటి క్లాసులోనే ఆవిడ, "ఫోను స్టూలు మీద నడుం ఎత్తులో పెట్టండి, మీరు పక్కకి తిరిగి నిలబడండి, నాకు మీ మొహం అక్కర్లేదు, మోకాళ్ళు కనపడాలి" అన్నారు. ఒక్కొక్క కదలికకి వారం పైనే పట్టించారు. కరెంటు పోతే నెట్ పోతుంది కాబట్టి క్లాసు రోజు ఫోన్‌లో డేటా ఉంచుకోండి, మా దగ్గర వానాకాలం సాయంత్రాలు ఇది తప్పదు.

బాదువాన్‌జిన్‌లో ఎనిమిది కదలికలు. రెండు చేతులతో ఆకాశాన్ని ఎత్తిపట్టడం, విల్లు లాగడం, ఒక చెయ్యి పైకి ఒకటి కిందకి నొక్కడం, తల తిప్పి వెనక్కి చూడటం, గుర్రం మీద కూర్చున్నట్టు దిగి నడుమూ తలా ఊపడం, వంగి పాదాలు పట్టుకోవడం, పిడికిళ్ళు బిగించి కళ్ళు పెద్దవి చేయడం, మడమలు ఎత్తి దించడం. చాలావరకు ఆరేసి సార్లు, మడమలది ఏడుసార్లు. చైనాలో పాతకాలం నుంచి ఉన్న సాధనే, అక్కడి హెల్త్ చీగోంగ్ సంఘం 2003లో దీన్నీ మరో మూడింటినీ ఒక పద్ధతిలో పెట్టి విడుదల చేసింది, ఇప్పుడు చాలాచోట్ల నేర్పేది ఆ రూపమే. నా మెడకి బాగా పనికొచ్చింది నాలుగోది. తల తిప్పేటప్పుడు అరచేతులు బయటికి తిప్పి భుజాలు వెనక్కి తెరవాలి, గడ్డం పైకి లేవకూడదు, నడుం తిరగకూడదు. మొదట్లో పక్కగోడ మీద క్యాలెండరు దాకా కూడా చూపు వెళ్ళేది కాదు, ఇప్పుడు ఎడమవైపు వెనక తలుపు గడియ కనిపిస్తోంది. ఐదోది కష్టం. మోకాలు కాలివేళ్ళని దాటి ముందుకి పోకూడదు, లోపలికి పడిపోకూడదు. మేడమ్ నన్ను కుర్చీ పట్టుకుని సగం దాకే దిగమన్నారు, ఇప్పటికీ అలాగే చేస్తున్నాను. ఆరోది ఎవరితోనైనా చేయించే ముందు బీపీ ఉందా, కంట్లో గ్లాకోమా ఉందా అని టీచరు అడగాలి, తల కిందకి దించే దేనికైనా ఇదే వర్తిస్తుంది. ఊపిరి గట్టిగా బయటికి తోసే కపాలభాతికీ అంతే, బీపీ ఎక్కువున్నవాళ్ళూ గర్భిణులూ హెర్నియా ఉన్నవాళ్ళూ చెయ్యకూడదు. అడగకుండా అందరితో ఒకేసారి బుస్ బుస్ మనిపించే క్లాసు నుంచి లేచి వచ్చేయండి.

ఇక కోపం వచ్చే సంగతి. దగ్గరలోని ఒక టౌనులో ఒకాయన మా అత్తయ్య అరచేతి మీద చెయ్యి పెట్టి, శక్తి ఆగిపోయింది, నేను తెరిపిస్తాను, షుగరు మాత్రలు మానెయ్యండి అన్నాడు. ప్యాకేజీ అని డబ్బు కట్టించుకున్నాడు. అత్తయ్య నాకు చెప్పకుండా మాత్రలు ఆపేసింది. కొద్ది రోజులకే కళ్ళు తిరిగి పడిపోతే ఆస్పత్రికి తీసుకెళ్ళాం, షుగరు విపరీతంగా పెరిగిపోయి ఉంది. "ఆయన అంత ధైర్యంగా చెప్పేసరికి నమ్మానే అమ్మాయ్" అంది పాపం. తప్పు ఆవిడది కాదు. షుగరు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం మన దేశంలో 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కిందే నేరం, అంటే డెబ్భై ఏళ్ళకి ముందే ఈ బాపతు మనుషులు ఉన్నారన్నమాట. చైనాలోనూ ఇదే నడిచింది. 1950ల్లో లియు గుయిజెన్ అనే ఆయన తన కడుపు పుండుకి పనిచేసిందంటూ చీగోంగ్‌ని శానటోరియంలో పేషెంట్లకి నేర్పించాడు, కూర్చోవడం, పడుకోవడం, ఊపిరి, ఇంతే. 1980లు, 90లు వచ్చేసరికి హాళ్ళ నిండా జనాన్ని పోగేసి అరచేతుల్లోంచి శక్తి పంపి రోగాలు తీసేస్తామనే మాస్టర్లు పుట్టుకొచ్చారు. చివరికి ప్రభుత్వం వాళ్ళ మీద పట్టు బిగించింది. పైన చెప్పిన 2003 నాటి రూపాలు వచ్చింది ఆ తర్వాతే.

మందు జోలికి వచ్చే టీచరు నాకు వద్దు. మా మాస్టారూ, మేడమూ ఇద్దరూ ముందు అడిగింది ఏ మాత్రలు వాడుతున్నావని, ఇద్దరూ అన్నది డాక్టరుని అడక్కుండా ఒక్కటీ మార్చొద్దని.

అలాగని ఈ సాధనలో ఏమీ లేదని కాదు. 2012లో అమెరికాలోని ఒరెగాన్‌లో 195 మంది పార్కిన్సన్స్ (ఒళ్ళు వణికి నిలకడ తప్పే జబ్బు) పేషెంట్లతో ఒక పరిశోధన చేశారు, వారానికి రెండుసార్లు 24 వారాలు. చీగోంగ్‌కి దగ్గరి చుట్టమైన తైచీ అనే చైనా సాధన చేసినవాళ్ళకి ఒంటి నిలకడ, బరువులతో వ్యాయామం చేసినవాళ్ళ కంటే, ఉత్త స్ట్రెచింగ్ చేసినవాళ్ళ కంటే బాగా మెరుగైంది. స్ట్రెచింగ్ వాళ్ళతో పోలిస్తే పడిపోవడాలూ తగ్గాయి. అది పార్కిన్సన్స్‌కి సంబంధించింది, ఇంకో రోగానికి తెచ్చి అతికించకూడదు. కానీ పెద్దవాళ్ళకి నిలకడ ఎంత అవసరమో అత్తయ్యని చూస్తే తెలుస్తోంది. ఆవిడతో ఎనిమిదోది, మడమలదే, కిటికీ ఊచలు పట్టుకుని చేయిస్తున్నాను, మడమలు నేలకి కొట్టకుండా మెల్లగా దించమంటున్నాను. మాత్రలు మళ్ళీ వేసుకుంటోంది, మందు వేసుకుని టిఫిను తిన్నాకే ఇవి.

2025లో విశాఖలో ప్రధాని వచ్చిన యోగాంధ్ర అనే రాష్ట్ర ప్రభుత్వ యోగా కార్యక్రమంలో మూడు లక్షల మంది పైన ఒకేసారి చేశారు, దానికి ముందు నెల రోజులు మా ఊళ్ళలో కూడా క్లాసులు పెట్టారు. నలభై అయిదు నిమిషాల కామన్ యోగా ప్రోటోకాల్ అందరికీ పరిచయమైంది, చాలా సంతోషం. మా వీధిలో ఎప్పుడూ ఒళ్ళు వంచని ఆడవాళ్ళు తాడాసనం వేశారు. ఆ గుంపులో ఎవరి మోకాలు ఎటు పోతోందో చూసేవాళ్ళు ఉండరు కాబట్టి అక్కడ మొదలుపెట్టినవాళ్ళు తర్వాత చిన్న క్లాసు వెతుక్కోవాలి. ఆయుష్ శాఖ కింద యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్షలు పెట్టి మెట్లవారీగా సర్టిఫికెట్లు ఇస్తుంది, టీచర్ని అడిగి చూడొచ్చు. మా మాస్టారి దగ్గర అది లేదు, అయినా నేను వదలను.

చోటు గురించి. కొబ్బరిచెట్టు కింద నిలబడొద్దు, కోనసీమలో ఈ మాట వేరే చెప్పాలా అనొచ్చు గానీ కళ్ళు మూసుకుని నిలబడే సాధన కదా, కాయో మట్టో పడితే తల పగులుతుంది. వానాకాలం మేడ మీద నాచు పడుతుంది, సున్నం చల్లి చీపురుతో గీకి ఎండాకే ఎక్కాలి. వేసవిలో కాలవలు కట్టేశాక అడుగున నిలిచిన నీళ్ళలో దోమలు పెరిగిపోతాయి, ఆ రోజుల్లో గట్టు మీద నిలబడటం అసాధ్యం, మేడ మీద ఫ్యాను తీగ లాక్కుని చేశాను. జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీళ్ళు వదిలాక మళ్ళీ గట్టు. చెప్పులు విప్పే ముందు చీకట్లో టార్చి వేసి చూడండి, పాములుంటాయి. చెమట ఎక్కువ పట్టేవాళ్ళు అయ్యాక ఉప్పు వేసిన మజ్జిగ తాగితే బాగుంటుంది, బీపీ ఉంటే ఉప్పు వద్దు.

మిషను దగ్గర కూడా ఒక మార్పు చేశాను: మేడమ్ సలహా మీద స్టూలు ఎత్తు పెంచి మిషను కింద రెండు చెక్కలు పెట్టించాను, తల అంతగా వంచక్కర్లేదు. ఒక్కో జాకెట్టు పూర్తయ్యాక లేచి మొదటి కదలిక మూడుసార్లు. పొద్దున సాధన ఎంత చేసినా ఇది లేకపోతే సాయంత్రానికి మెడ మళ్ళీ మొదటికొస్తోంది.

వచ్చే వారం ఐదో కదలికని కుర్చీ వదిలి చేయమన్నారు మేడమ్, దిగడం మాత్రం సగం దాకే. మోకాలు ఎలా ఉందో, మెడ కుడివైపు ఎంత తిరుగుతోందో చూసుకుని మళ్ళీ రాస్తాను.