ఢోలక్‌పూర్ ఎక్కడుంది టీచర్?

"టీచర్, ఇందులో ఢోలక్‌పూర్ లేదు!"

నేల మీద సుద్దముక్కతో గీసిన భారతదేశం పటం, చుట్టూ పన్నెండు మంది బుడతలు. చేతుల్లో కత్తిరించిన ఛోటా భీమ్ కార్టూన్ బొమ్మలు. పైన హిమాలయాలు, కింద మూడు వైపులా సముద్రం, మధ్యలో మన హైదరాబాద్. ఇంతే చెబుదామనుకున్నా. నాలుగేళ్ల వాళ్లకి అదే ఎక్కువ.

భీమ్ ఉండే ఢోలక్‌పూర్ ఉత్తుత్తి ఊరంటే ఏడుపు మొహాలు పెడతారని టెన్షన్. అందుకే, భీమ్ బొమ్మ పుట్టింది హైదరాబాద్‌లోనే అన్నాను. అబద్ధమేం కాదు, ఆ కార్టూన్ తీసే గ్రీన్ గోల్డ్ యానిమేషన్ వాళ్లది ఈ ఊరే కదా. "భీమ్ మనోడే!" అని క్లాసంతా ఒకటే గోల.

ఒక పిల్ల మాత్రం ఒప్పుకోలేదు. భీమ్‌ని హైదరాబాద్ మీంచి తీసేసి, నా వేలు పట్టుకుని లాగి, "తిరుపతి ఎక్కడ?" అంది. చూపించాను. బొమ్మని అక్కడ పెట్టి, అరచేత్తో రెండుసార్లు గట్టిగా నొక్కింది.

"భీమ్ తినే లడ్డూలు అక్కడే కదా ఉండేది."

ఇంక నేనేం మాట్లాడను?

ఈలోగా జగ్గూ కోతిని ఎవరో హిమాలయాలెక్కించారు. "అక్కడ మంచు రా, చలి" అంటే, ఒకడు జేబులోంచి కర్చీఫ్ తీసి కప్పాడు. కాలియా వాటాకి బంగాళాఖాతం వచ్చింది. ఈత వచ్చో రాదో పాపం.

సాయంత్రం ఆయమ్మ తడిగుడ్డతో వస్తే, ఇవాళ్టికి తుడవొద్దన్నాను. కర్చీఫ్ ఇంకా కాశ్మీర్ మీదే ఉంది.