టచ్‌ప్యాడ్‌తో నా నెల రోజుల పేచీ

"రాత్రి" అని టైప్ చేద్దామని మొదలుపెట్టాను. 'రా' పడింది, 'త్రి' పడలేదు. ఎక్కడికి పోయిందా అని చూస్తే రెండు లైన్ల పైన, ఎప్పుడో దిద్దేసి వదిలిన వాక్యంలో "కూర్చుత్రిన్నాడు" అని కనిపించింది. నా అరచేతి అంచు టచ్‌ప్యాడ్‌కి ఎక్కడో ఒరుసుకుంది. అది దాన్ని ట్యాప్, అంటే క్లిక్ కోసం వేలితో తట్టడం, అనుకుని కర్సర్‌ని అక్కడికి లాక్కెళ్లింది. సరే, నేను నిజంగా ట్యాప్ చేసినప్పుడు వింటుందా అంటే అదీ లేదు. సేవ్ బటన్ మీద వేలు వేస్తే ఉలుకూ పలుకూ ఉండదు. ఇంకోసారి వేస్తే రెండు సార్లు పడుతుంది.

ప్రూఫులు దిద్దడం నా పని. రోజుకి ఎనిమిది గంటలు లాప్‌టాప్ ఒళ్లోనే ఉంటుంది. మా మేనల్లుడు మొదటి రోజే తేల్చేశాడు: "మౌస్ కొనుక్కోరాదూ అత్తా, గొడవ వదిలిపోతుంది." ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకున్నదాన్ని మౌస్ ఎక్కడ పెట్టుకోను, మోకాలి మీదా? పైగా డబ్బు పోసి కొన్న వస్తువులో ఒక భాగం పని చేయకపోతే దాన్ని వదిలేసి ఇంకోటి తగిలించుకోవడం నాకు నచ్చదు.

మొదట అనుమానం నా వేళ్ల మీదికే పోయింది. టచ్‌ప్యాడ్ కింద సన్నటి తీగల వల ఉంటుంది. వేలు దగ్గరికి రాగానే ఆ చోట విద్యుదావేశం కొంచెం మారుతుంది, ఆ మార్పుని బట్టే వేలు ఎక్కడుందో అది లెక్క కడుతుంది. అంటే నొక్కే బలంతో దానికి పెద్దగా పని లేదు. చెయ్యి తడిగా ఉంటే ఆ లెక్క చెదురుతుంది, మరీ పొడిబారితే సరిగా అందదు. ఆ మాట పట్టుకుని నాలుగు రోజులు చేతులు కడుక్కోవడం, తుడుచుకోవడం, ప్యాడ్‌ని మెత్తటి గుడ్డతో రుద్దడం. ప్యాడ్ మాత్రం తళతళలాడింది.

తర్వాత సెట్టింగుల మీద పడ్డాను. నా లాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ అని రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉన్నాయి, పని ఎక్కువగా లినక్స్‌లోనే. విండోస్ సెట్టింగుల్లో టచ్‌ప్యాడ్ సెన్సిటివిటీకి నాలుగు మెట్లు ఉంటాయి. ట్యాప్ వినబడటం లేదు కదా అని అన్నిటికంటే పైమెట్టు ఎక్కించాను. దాంతో అరచెయ్యి నీడ పడినా క్లిక్ అయినంత పని జరిగింది. ఆ మెట్లు ట్యాప్ ఎంత గట్టిగా ఉండాలో చెప్పేవి కావని, టైపింగ్ మధ్యలో ప్యాడ్‌కి తగిలినదాన్ని ఎంతవరకు పట్టించుకోవాలో చెప్పేవని తర్వాత అర్థమైంది. మళ్లీ మీడియంకి దించేశాను. ఈలోగా డ్రైవర్‌ని, అంటే ప్యాడ్‌ని సిస్టమ్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్‌ని, తీసి మళ్లీ వేయడం, కర్సర్ వేగం పెంచడం, ఇంకేవో రెండు టిక్కులు పెట్టడం, అన్నీ ఒకే సాయంత్రం చేశాను. దేని వల్ల ఏం మారిందో దేవుడికే తెలియాలి.

సర్వీస్ సెంటర్‌కి కూడా వెళ్లాను. అక్కడి అబ్బాయి వెనక మూత విప్పి ముందు బ్యాటరీ చూశాడు. బ్యాటరీ ఉబ్బితే అది ప్యాడ్‌ని కింద నుంచి తన్నుకొస్తుంది, అప్పుడు క్లిక్ బిగుసుకుపోతుంది, అలాంటి బ్యాటరీని ఇక వాడకూడదు. నాది బాగానే ఉంది. ప్యాడ్ మీద రెండు సార్లు వేలు ఆడించి, "మార్చేద్దాం మేడం" అన్నాడు. ఎందుకు మార్చాలో మాత్రం చెప్పలేకపోయాడు. ఆలోచించుకుని వస్తానని లేచొచ్చాను.

ఆ రాత్రి చేసిన పనే మొదటి తెలివైన పని. ఒక తెల్ల కాగితం తీసుకుని మూడు గళ్లు గీశాను. ఏం జరిగింది, విండోసా లినక్సా, చార్జర్ పెట్టి ఉందా లేదా. వారం రోజులు పేచీ వచ్చిన ప్రతిసారీ ఒక గీత గీశాను. అప్పటిదాకా "టచ్‌ప్యాడ్ పాడైంది" అని ఒక్క ముక్కలో తిడుతున్నది నిజానికి నాలుగు వేర్వేరు జబ్బులని ఆ కాగితం చూశాకే తెలిసింది. కర్సర్ వణకడం, ఉన్నట్టుండి దూకడం రెండు సిస్టమ్‌లలోనూ ఉంది, కానీ చార్జర్ పెట్టినప్పుడే. టైప్ చేస్తుంటే దొంగ ట్యాపులు పడటం లినక్స్‌లో మాత్రమే. క్లిక్ ఆలస్యంగా పడటం కూడా లినక్స్‌లోనే. వేసిన ట్యాప్ అసలు పడకపోవడం రెండింట్లోనూ.

చార్జర్ సంగతి ముందు తేలింది. చార్జింగ్‌లో ఉండగా లాప్‌టాప్ లోహపు అంచు మీద వేలి వెనక భాగంతో నిమిరితే సన్నగా జుమ్మనేది. అది ఎప్పటి నుంచో ఉంది, కానీ దానికీ టచ్‌ప్యాడ్‌కీ లంకె ఉంటుందని తట్టలేదు. చార్జర్‌కి మూడు పిన్నులు ఉన్నాయి, నేనేమో మంచం పక్క సాకెట్ కోసం దాన్ని రెండు పిన్నుల కన్వర్టర్‌లో గుచ్చి వాడుతున్నాను. ఎర్త్ తెగిపోయింది. ఎర్త్ లేనప్పుడు చార్జర్ నుంచి వచ్చే విద్యుత్ గోల లాప్‌టాప్ ఒంటినిండా తిరుగుతుంది. వేలి దగ్గర పుట్టే అతి చిన్న మార్పుని వెతుక్కునే ప్యాడ్‌కి ఆ గోలలో ఏం వినబడుతుంది? కన్వర్టర్ తీసేసి ఎర్త్ ఉన్న సాకెట్‌లో పెట్టాను. జుమ్మనడం పోయింది, వణుకూ పోయింది. మీ కర్సర్ చార్జింగ్‌లో ఉన్నప్పుడే చిందులేస్తుంటే డ్రైవర్ల జోలికి పోకముందు చార్జర్ ఒకసారి పీకి చూడండి. పది సెకన్ల పరీక్ష.

దొంగ ట్యాపుల కథ వేరు. టైప్ చేస్తున్నంతసేపూ, చెయ్యి ఆపాక ఇంకో క్షణంపాటూ టచ్‌ప్యాడ్‌ని పక్కన పెట్టే సదుపాయం లినక్స్‌లో ఉంది. మామూలుగా అది ఆన్‌లోనే ఉంటుంది. నా దాంట్లో ఆ టిక్కు తీసేసి ఉంది. నేను తీయలేదు. ఫోన్ చేసి అడిగితే మా మేనల్లుడు కాస్త నీళ్లు నమిలాడు. సెలవుల్లో వచ్చినప్పుడు నా లాప్‌టాప్‌లో ఏదో ఆట ఆడాడట. కీబోర్డుతో నడుస్తూ టచ్‌ప్యాడ్‌తో చుట్టూ చూడాలి. కీ నొక్కగానే ప్యాడ్ మూగబోతుంటే చిరాకొచ్చి ఆ టిక్కు తీసేశాడు, మళ్లీ పెట్టడం మర్చిపోయాడు. "మౌస్ కొనుక్కో" అని సలహా ఇచ్చిన మహానుభావుడే! టిక్కు పెట్టాను. "కూర్చుత్రిన్నాడు" లాంటి అవతారాలు ఆ రోజుతో ఆగాయి. ఒక్క చిక్కు, ఈ సదుపాయం లాప్‌టాప్ సొంత కీబోర్డుకే. విడిగా ఇంకో కీబోర్డు తగిలించి వాడితే అది టైపింగ్ కింద లెక్క కాదు.

ఆలస్యంగా పడే క్లిక్ మాత్రం నన్ను చాలా రోజులు తిప్పింది. తెర మీద బటన్‌ని కళ్లు చిట్లించుకుని చూశాను. వేలు వేసి తీయగానే బటన్ లోపలికి అణిగినట్టు రంగు మారుతోంది. అంటే ట్యాప్ అందింది. కానీ అలా అణిగినట్టే ఓ క్షణం ఉండిపోయి, అప్పుడు పని చేస్తోంది. చాలా బటన్లు నొక్కినప్పుడు కాదు, నొక్కి వదిలినప్పుడే పని చేస్తాయి. ప్యాడ్ "నొక్కింది" అని వెంటనే చెబుతోంది, "వదిలింది" అని చెప్పడానికి తటపటాయిస్తోంది. ఎందుకంటే ట్యాప్ చేసి, వెంటనే మళ్లీ వేలు ఆనించి లాగితే వస్తువు పట్టుకుని జరిపినట్టు లెక్క. దాని పేరు ట్యాప్ అండ్ డ్రాగ్. రెండో వేటు వస్తుందేమోనని అది ప్రతి ట్యాప్ తర్వాతా ఎదురుచూస్తోంది. నేను ఈ పద్ధతిలో దేన్నీ ఎప్పుడూ లాగలేదు. అలాంటిదొకటి ఉందని కూడా తెలియదు. నాకు అక్కర్లేని సౌకర్యం కోసం రోజుకి వెయ్యిసార్లు ఆగుతున్నానన్నమాట. లినక్స్‌లో తెర మీద మెనూలు, కిటికీలు చూపించే డెస్క్‌టాప్‌లలో నేను వాడేది కేడీఈ, దాని సెట్టింగుల్లో దానికి విడిగా టిక్కు ఉంది. తీసేశాను. ఆ క్షణం నుంచి అదే ప్యాడ్ కొత్తదాన్లా కదిలింది. సర్వీస్ సెంటర్ అబ్బాయి మాట విని ఉంటే కొత్త ప్యాడ్ కూడా ఇలాగే ఆగి ఆగి పలికేది.

ఇక మిగిలింది పడని ట్యాపు. ఇక్కడే నా అహం కాస్త దెబ్బతింది. లినక్స్‌లో టచ్‌ప్యాడ్ బాధ్యత చూసే లిబ్‌ఇన్‌పుట్‌తో పాటు వచ్చే కొలత పనిముట్లలో ఒకటి మన ట్యాపులనే కొలుస్తుంది. నడిపించి, మామూలుగా ఎలా వేస్తామో అలా వేస్తూ పోవాలి. ఒక్కో ట్యాప్‌లో వేలు ఎన్ని మిల్లీసెకన్లు ఆనిందో చెప్పి, చివర్లో తక్కువ, ఎక్కువ, సగటు ఇస్తుంది. ఇరవై వేశాను. ఏడు 180 దాటాయి. ఒకటి 260. లిబ్‌ఇన్‌పుట్ పెట్టుకున్న గడువు 180 మిల్లీసెకన్లే. అంతలోపు వేలు లేస్తే ట్యాప్, లేవకపోతే ఊరికే ఆనించావని అనుకుంటుంది. ఆ కొద్ది సమయంలోనే వేలు మిల్లీమీటరుకి కాస్త పైన జారినా అది ట్యాప్ కాదు, కర్సర్ జరపడం. ప్యాడ్ వినడం లేదని నేను ఇంకా బలంగా, ఇంకా ఎక్కువసేపు నొక్కుతూ వచ్చాను. నొక్కినకొద్దీ గడువు దాటిపోయింది, కసిగా నొక్కిన వేలు కాస్త జారింది కూడా. నా కోపమే దాన్ని చెవిటిదాన్ని చేసింది.

1994లో ఆపిల్ వాళ్ల పవర్‌బుక్ 500 వరస లాప్‌టాప్‌లలో టచ్‌ప్యాడ్ వచ్చింది. అంతకుముందు పవర్‌బుక్‌లలో ట్రాక్‌బాల్ ఉండేది. బంతి తిప్పడం, బటన్ నొక్కడం, రెండూ వేర్వేరు పనులు, బటన్ నొక్కితే నొక్కినట్టే. ట్యాప్ అలా కాదు. వేలు ఆనడం ఒక్కటే జరుగుతుంది. అది జరపడమా, క్లిక్కా, పొరపాటున తగిలిన అరచెయ్యా అన్నది మెషిన్ ఊహించుకోవాలి. ఎంతసేపు, ఎంత దూరం, టైపింగ్ మధ్యలోనా కాదా అన్న నాలుగైదు ఆనవాళ్లు పట్టుకుని క్షణంలో తీర్పు చెప్పాలి. ఊహ అన్నాక తప్పుతుంది. నేను తిట్టిపోసింది ఆ ఊహని. మార్చగలిగింది మాత్రం దానికి అందే ఆనవాళ్లనే.

అందుకని వేలికి పాఠం మొదలుపెట్టాను. నిప్పుని ముట్టి తీసినట్టు, గోరు కాకుండా వేలి మెత్త తగిలేలా, వేసీ వేయగానే లేపెయ్యాలి. రెండు రోజులు నవ్వులాటగా అనిపించింది, మూడో రోజు మర్చిపోయాను, అలవాటైపోయింది. పది రోజులాగి మళ్లీ ఇరవై వేసి కొలిస్తే ఒక్కటే గడువు దాటింది. తప్పు పడితే నష్టం జరిగే చోట, ఫైల్ తీసేసే చోట, మెయిల్ పంపే చోట ఇప్పటికీ ట్యాప్ చేయను. ప్యాడ్ కింది అంచు టక్కుమనేదాకా నొక్కుతాను. రెండు వేళ్ల ట్యాప్‌తో రైట్ క్లిక్ మాత్రం బాగానే కుదిరింది.

పూర్తిగా తీరని తలనొప్పి ఒకటుంది. మూడు వేళ్ల ట్యాప్ అంటే లినక్స్‌లో మౌస్ నడిమి బటన్ కింద లెక్క, నడిమి బటన్ అంటే అంతకుముందు సెలెక్ట్ చేసిన మాటల్ని తెచ్చి అతికించేయడం. కాపీ కూడా చేయనక్కర్లేదు. రెండు వేళ్లతో పేజీ జరపబోతుంటే మూడోది తగిలి, మొన్నొక అధ్యాయం నడుమ అట్ట వెనక రాసే పరిచయం మొత్తం వచ్చి కూర్చుంది. ఉంగరపు వేలు మడిచి పెట్టుకోవడం నేర్చుకుంటున్నాను.

పోయిన ఆదివారం మేనల్లుడు మళ్లీ వచ్చాడు. నా లాప్‌టాప్ తీసుకుని అరగంట మూల కూర్చున్నాడు. తర్వాత మొహం ముడుచుకుని వచ్చి, "అత్తా, నడుస్తుంటే టచ్‌ప్యాడ్ పనిచేయట్లేదు, ఏం చేశావు దీన్ని?" అన్నాడు.

"మౌస్ కొనుక్కో నాన్నా" అన్నాను.