ఎర్రమట్టి దిబ్బల్లో అరగంట మౌనం

మెల్‌బోర్న్‌లో మావాడి ఐదో తరగతి రిపోర్టులో ఒక మాట నన్ను చాలా రోజులు బాధపెట్టింది. "ప్రశ్నలు అడగడు" అని రాశారు.

అక్కడి సైన్సు పాఠ్యప్రణాళికలో ఉన్న మూడు విభాగాల్లో అన్వేషణ ఒకటి. ప్రశ్న పిల్లలే వేసుకోవాలి, ప్రయోగం వాళ్లే ఆలోచించాలి, ఆధారం వాళ్లే చూపాలి. మంచి పద్ధతి. కానీ క్లాసులో గొంతెత్తి, అప్పటికప్పుడు అడిగిందే ప్రశ్న. మా ఇంట్లో నేర్పింది వేరు: పెద్దవాళ్లు చెబుతుంటే అడ్డు రాకూడదు. "ఎదురు ప్రశ్నలేంటి?" అని నేనే ఎన్నోసార్లు గద్దించాను.

డిసెంబరు సెలవులకి విశాఖ వెళ్లినప్పుడు నాన్న వాణ్ణి భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలకి తీసుకెళ్లారు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశాల తాత్కాలిక జాబితాకెక్కిన చోటు అది. వాన నీళ్లు కోసేసిన లోతైన గెడ్డల్లో అరగంట తిరిగాడు, నోరు విప్పలేదు. గట్టు తడిమాడు, వేళ్లకంటిన రంగు చూసుకున్నాడు. అప్పుడు అడిగాడు.

"తాతా, బీచ్‌లో ఇసుక ఇలా లేదు కదా. ఇదెందుకు ఎర్రగా ఉంది?"

"నువ్వే చెప్పు, చూద్దాం."

"తుప్పులా ఉంది."

ఇసుక రేణువుల మీద ఐరన్ ఆక్సైడు పొర ఉంటుందని, తుప్పు కూడా అలాంటిదేనని నాన్న చెప్పారు. "అయితే కడిగితే తెల్లగా అవుతుందా?" సీసాలో నీళ్లు పోసుకుని అరచేతిలో రుద్ది చూశాడు. రంగు పోలేదు. ఎందుకు పోలేదన్నది కారెక్కాక మొదలుపెట్టాడు, ఎంవీపీ కాలనీ వచ్చేదాకా ఆపలేదు.

వాడు ముందు చూస్తాడు, ముట్టుకుంటాడు, లోపల తేల్చుకుని అప్పుడు అడుగుతాడు. మా అమ్మ పొడుపు కథల దగ్గర అబ్బిన అలవాటనుకుంటాను. విప్పేదాకా ఆవిడ కూడా తొందరపెట్టేది కాదు.

ఫిబ్రవరిలో కొత్త టీచర్‌కి ఇదంతా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. పాఠం అయ్యాక చీటీ మీద ప్రశ్న రాసివ్వడానికి, కావాలంటే మర్నాడు ఇవ్వడానికి క్లాసులో అందరికీ వీలు కల్పించారు. ఇప్పుడు మావాడి చీటీలు వారానికి మూడు నాలుగు ఉంటున్నాయట.

ఇంట్లో మారాల్సింది నేను. మొన్న ఆదివారం పొద్దున్న అడిగాడు: "సింహాచలం అప్పన్నకి ఏడాదంతా చందనం ఎందుకు? అక్షయ తృతీయ ఒక్కరోజే ఎందుకు తీస్తారు?" పాత మాట నోటిదాకా వచ్చింది. ఆపుకుని, నాకు తెలిసిన కథ చెప్పి, మిగతాది తాతని అడుగుదామన్నాను. విశాఖలో ఇంకా తెల్లారలేదు. రెండో రింగుకే నాన్న ఎత్తారు.