ఎర్రదీపం కింద గులాబీ

ఈ రోజంతా ఒకే ఒక్క గులాబీతో గడిచింది. ముదురు ఎరుపుది. దాన్ని ఎక్స్‌రే ఫిల్ము మీద ఫొటో తీయాలని చాలాకాలంగా మనసులో ఉంది, ఎందుకంటే ఈ ఫిల్ముకు ఎరుపు కనిపించదు. ఫిల్ము వాడే ఆస్పత్రుల్లో దీన్ని రెండు తెరల మధ్య బిగిస్తారు. కిరణాలు తగలగానే ఆ తెరలు వెలుగుతాయి. ఎముకల బొమ్మను చాలావరకు గీసేది ఆ వెలుగే. నా దగ్గరున్నది ఆకుపచ్చగా వెలిగే తెరల కోసం చేసిన రకం. నీలానికీ ఆకుపచ్చకూ స్పందిస్తుంది, ఎరుపును అసలు పట్టించుకోదు. అంటే అచ్చులో ఆకులు తేటగా రావాలి, పువ్వు నల్లబడాలి.

మబ్బు పట్టిన మధ్యాహ్నం కోసం ఆగాను. సాయంత్రం వెలుగు ఎర్రబారేకొద్దీ ఈ ఫిల్ము మందగిస్తుంది, వెలుగు కొలిచే మీటరు చెప్పే మాట నమ్మలేం. కిటికీ పక్కన గాజుసీసాలో పువ్వు పెట్టి 8×10 అంగుళాల కెమెరాను దగ్గరకు జరిపాను. లెన్సు 300 మిల్లీమీటర్లది, లెన్సుకూ ఫిల్ముకూ మధ్య సాగే ముడతల గొట్టం, బెలోస్, 450 దాకా సాగింది. ఒకటిన్నర రెట్లు సాగితే వెలుగు రెండుంపావు రెట్లు కావాలి. ఫిల్ము వేగం, అంటే వెలుగుకు స్పందించే చురుకు, 80 అనుకుంటే, లెన్సు కంతను బాగా చిన్నది చేసిన ఎఫ్/32 దగ్గర మీటరు అర సెకను చూపింది, నేను సెకనుకు కాస్త పైనే ఇచ్చాను. నల్లగుడ్డ కింద, తలకిందులుగా వేలాడుతున్న పువ్వు రేకు అంచు మీద భూతద్దం ఆనించి ఫోకస్ సరిచూసుకున్న ఆ కాసేపూ నాకు ఇంకేమీ గుర్తు లేదు.

అసలు ఆనందం రాత్రి ఫిల్ము కడిగేటప్పుడు. మామూలు నలుపు తెలుపు ఫిల్మును కటిక చీకట్లో, గడియారాన్ని నమ్ముకుని కడగాలి. దీన్ని ఎర్రదీపం కింద కళ్లారా చూస్తూ కడగవచ్చు. బొమ్మను తేల్చే మందు రోడినాల్ ఒక పాలుకు నూరు పాళ్ల నీళ్లు, 20 డిగ్రీలు. ఫిల్ముకు రెండు వైపులా ఎమల్షన్, అంటే బొమ్మను పట్టే పూత, ఉంటుంది, తడిస్తే అది మీగడలా మెత్తబడుతుంది. గోరు తగిలినా, ట్రే అడుగున గరుకు తగిలినా గీత పడుతుంది. అందుకే ట్రే అడుగున గాజుపలక పరిచి, ఒక్కో షీటునే వేసి, ట్రేనే అటూ ఇటూ వంచుతాను. ఫిల్మును వేలితో కదపను.

ముందుగా సీసా మీది మెరుపు, నెగెటివ్ కదా, నల్లచుక్కై తేలింది. తర్వాత ఆకులు, ఒక్కొక్కటే, ఈనెలతో సహా. పువ్వు ఉండాల్సిన చోట మాత్రం ఏమీ లేదు. కాసేపయ్యాక మూల పట్టుకుని షీటును దీపానికి అడ్డంగా ఎత్తి చూశాను. రేకుల అంచుల్లో సన్నని గీతలు కనిపించాయి! రేకు రంగు ఎరుపే కానీ, దాని అంచు మీద జారిన కిటికీ వెలుగు తెలుపు కదా, ఫిల్ము దాన్ని పట్టుకుంది. ఆ గీతలు ఇంకాస్త గట్టిపడేదాకా ఆపి, అప్పుడు తీశాను. ఎంతసేపు అన్నది కన్ను తేల్చింది, గడియారం కాదు. ఈ ఫిల్మును నేను వదలలేకపోవడానికి కారణం ఇదే.

బొమ్మను నిలబెట్టే మందు ఫిక్సర్‌లో ఫిల్ము పాలతెలుపు రెండు వైపులా కరిగిపోయేదాకా ఉంచి, మళ్లీ అంతసేపు ఉంచాను. తెల్లదీపం వేసి చూస్తే పువ్వు చోట ఫిల్ము ప్లాస్టిక్ బేస్ నీలిఛాయ, దానిలో ఆ గీతలు. సీసా మెరుపు చుట్టూ చిన్న వెలుగువలయం పాకింది. మామూలు ఫిల్ములో అలా పాకకుండా ఆపే పూత ఉంటుంది, దీనికి లేదు. కొందరు వెనకవైపు ఎమల్షన్‌ను బ్లీచుతో కరిగించేస్తారు, బొమ్మ ఇంకా పదునుగా ఉంటుందని. పెద్దది చేసి అచ్చు తీసేవాళ్లకు అది అవసరం కావచ్చు. నేను నెగెటివ్‌ను కాగితానికి ఆనించి అదే కొలతలో అచ్చు వేస్తాను. రెండు పొరల సాంద్రత కలిస్తేనే ఆ ఆకులకు నిండుదనం వస్తుందని నా నమ్మకం. కరిగించను.

నెగెటివ్ ఇప్పుడు ఒక మూల క్లిప్పుకు వేలాడుతోంది. తెల్లారేసరికి ఆరుతుంది. అచ్చులో పువ్వును పూర్తిగా నల్లబరచకుండా, గీతలు కరిగిపోకుండా ఎక్కడ ఆపాలో రేపు ముందు ఒక కాగితపు ముక్క మీద తేల్చుకోవాలి.