మంగళగిరి పదహారు ఎన్నికలు: పట్టిక కూర్చిన నా అనుభవం

2024 జూన్ ఫలితాలు వెలువడిన వారంలో మా వీధి అరుగు మీద ఒక చిన్న వాదం నడిచింది. నారా లోకేష్ 91,413 ఓట్ల ఆధిక్యతతో గెలవడానికి ముందు మంగళగిరిలో తెలుగుదేశం చివరిసారి ఎప్పుడు గెలిచిందన్నది ప్రశ్న. నలుగురు నాలుగు సంవత్సరాలు చెప్పారు. బడిలో చాలాకాలం సాంఘికశాస్త్రం బోధించిన నాకు కూడా నిశ్చయంగా చెప్పగలిగే సమాధానం లేకపోవడం బాధ కలిగించింది. ఆ రాత్రే 1952 నుంచి జరిగిన సాధారణ ఎన్నికలన్నిటినీ ఒకే పట్టికలోకి తేవాలని సంకల్పించాను. వారం రోజుల పని అనుకున్నాను, నాలుగు నెలలు పట్టింది.

ఆధారం కోసం ఎక్కడికో వెళ్లనక్కరలేదు. ప్రతి ఎన్నిక తరువాత కేంద్ర ఎన్నికల సంఘం విడుదల చేసే గణాంక నివేదికలు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతాయి. వాటిని దించుకుని, మంగళగిరి ఉన్న పుటను వెతికి, అభ్యర్థుల పేర్లు, పార్టీలు, ఓట్లు రాసుకుంటే చాలుననుకున్నాను. మొదటి చిక్కు క్రమసంఖ్యతోనే వచ్చింది. ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో మంగళగిరి సంఖ్య 87. ఆ అంకెను పట్టుకుని 2014 నివేదిక తెరిస్తే అక్కడ మరేదో నియోజకవర్గం కనిపించింది. ఆ ఎన్నిక ఉమ్మడి రాష్ట్రంలో జరిగింది కనుక, 2008 నియోజకవర్గాల పునర్విభజన ప్రకారం తెలంగాణలోని 119 స్థానాలు ముందు వచ్చి, ఆంధ్ర స్థానాలు ఇచ్ఛాపురం 120తో మొదలై, మంగళగిరి 206 అయింది. అప్పటినుంచి సంఖ్యను నమ్మడం మానేసి పేరుతోనే వెతికాను.

రెండవ చిక్కు నన్ను ఎక్కువ రోజులు ఆపింది. దేశమంతటికీ రెండవ సాధారణ ఎన్నికలు 1957లో జరిగాయన్నది పాఠ్యపుస్తకాల్లో నేనే బోధించిన విషయం. పట్టికలో 1957 అని ఒక వరస గీసి పెట్టుకుని, ఆ సంవత్సరపు నివేదికలో మంగళగిరి కోసం రెండు సాయంత్రాలు గాలించాను. లేదు. ఉండదు కూడా. 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రంలో మద్యనిషేధం వివాదంపై ప్రకాశం ప్రభుత్వం పడిపోగా, 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు జరిగాయి. అప్పుడు 196 స్థానాలకు ఎన్నికైన సభ్యులే ఆంధ్రప్రదేశ్ అవతరణ తరువాత కూడా 1962 దాకా కొనసాగారు. 1957లో శాసనసభకు ఓటు వేసింది తెలంగాణ ప్రాంతం మాత్రమే. ఆ వరసను కొట్టివేయకుండా, కారణం రాసి అలాగే ఉంచాను. నాలాగే వెతికేవారు మరొకరు ఉంటారని నా నమ్మకం. అంతకు ముందరి 1952 ఎన్నిక మద్రాసు రాష్ట్ర శాసనసభకు జరిగినది కాబట్టి ఆ నివేదికను మద్రాసు కింద వెతకవలసి వచ్చింది.

1962లో కమ్యూనిస్టు నాయకుడు వేములపల్లి శ్రీకృష్ణ గెలిచిన వరస రాస్తున్నప్పుడు ఒక పెద్దాయన పక్కన కూర్చున్నారు. ఆయన గుంటమగ్గం మీద జీవితమంతా గడిపిన మనిషి. "మాస్టారూ, ఆ రోజుల్లో మగ్గాలవాళ్లం ఎర్రజెండాకు వేసేవాళ్లం, ఆ మాట కూడా రాయండి" అన్నారు. పట్టికలో దానికి గడి లేదు. ఒక గడి పెంచి, అందులో వినికిడి మాటలు రాయడం మొదలుపెట్టాను. ఇప్పుడు చూస్తే నా పట్టికలో అన్నిటికంటె విలువైనది అదేననిపిస్తుంది.

అరుగు మీది ప్రశ్నకు సమాధానం వెతికేటప్పుడు మరొక పొరపాటు జరిగేదే. 1983 నివేదికలో ఎం.ఎస్.ఎస్. కోటేశ్వరరావు గారి పేరు ఎదుట స్వతంత్ర అభ్యర్థి అని ఉంది. 1982 మార్చిలో పుట్టిన తెలుగుదేశానికి అప్పటికింకా గుర్తింపు లేకపోవడంతో, ఆ పార్టీ అభ్యర్థులు ఎన్నికల సంఘం లెక్కల్లో స్వతంత్రులుగానే నమోదయ్యారు. నివేదికనే వేదవాక్యంగా తీసుకుంటే ఆ ఏటి తెలుగుదేశం ప్రభంజనం మంగళగిరిని తాకలేదని రాయవలసి వచ్చేది. ఆయనే 1985లో తిరిగి గెలిచారు. అదే చివరిసారి. తరువాతి పొత్తుల్లో ఈ స్థానం వామపక్షాలకు వెళ్లినందువల్ల 1994లో గెలిచినది సీపీఎంకు చెందిన నిమ్మగడ్డ రామమోహనరావు. ఆపైన మురుగుడు హనుమంతరావు 1999లో, 2004లో, కాండ్రు కమల 2009లో కాంగ్రెస్ తరఫున గెలిచారు. 2024లో ఓడిపోయిన మురుగుడు లావణ్య వీరిలో హనుమంతరావుకు కోడలు, కమలకు కూతురు.

2014 దగ్గర నేను వారం రోజులు ఆగిపోయాను. వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి ఆళ్ల రామకృష్ణారెడ్డికి 88,977 ఓట్లు, తెలుగుదేశం అభ్యర్థి గంజి చిరంజీవికి 88,965. తేడా పన్నెండు. బూత్‌ల వారీగా ఓట్లు చూపే ఫారం 20ని తెరిచి, వరస వరసా చేత్తో కూడుకున్నాను. గెలిచిన వైపు నుంచి ఆరుగురు అటు మొగ్గి ఉంటే ఇద్దరూ సమానమయ్యేవారు, అప్పుడు ప్రజాప్రాతినిధ్య చట్టం 65వ సెక్షన్ ప్రకారం చీటీ తీసి విజేతను నిర్ణయించవలసి వచ్చేది. ఆ రోజు ఓటు వేయకుండా మగ్గం దగ్గరే ఉండిపోయామని ఇద్దరు నాతో ఒప్పుకున్నారు. వారి ముఖాల్లో కనిపించిన దిగులు నన్ను చాలాసేపు వదలలేదు. ఐదేళ్ల తరువాత రామకృష్ణారెడ్డి లోకేష్ మీద 5,337 ఓట్లతో గెలిచారు.

పట్టిక పూర్తయిందని గ్రంథాలయంలో గోడకు అంటించాను. మూడో రోజున దుగ్గిరాల నుంచి ఒకాయన వచ్చి, వేలితో పాత వరసలన్నీ చూపిస్తూ, ఇవేవీ తమ ఓట్లు కావన్నారు. ఆయన మాట నిజం. దుగ్గిరాల 2004 వరకు విడి నియోజకవర్గం. 2008 పునర్విభజనలో అది రద్దయి, ఆ మండలం మంగళగిరిలో కలిసింది. 2009కి ముందరి వరసల్లోని మంగళగిరి, తరువాతి వరసల్లోని మంగళగిరి పేరులో ఒకటే, నేలలో కాదు. రెండింటి ఆధిక్యతలను పక్కపక్కన పెట్టి పోల్చిన నా వ్యాఖ్యను ఆ సాయంత్రమే తీసివేసి, అక్కడ ఎర్ర సిరాతో ఒక అడ్డగీత గీశాను. దుగ్గిరాలకు వేరుగా మరో పట్టిక తయారుచేస్తానని ఆయనకు మాట ఇచ్చాను. 1978 దాకా వెనక్కి వెళ్లాను, ఇంకా చాలా ఉంది.