ఆటోనగర్ రేకుల షెడ్డులో బాస్ గిటార్

మేం ప్రాక్టీస్ చేసేది విజయవాడ ఆటోనగర్‌లో, లారీ బాడీలు కట్టే ఒక రేకుల షెడ్డు వెనకాల గదిలో. షెడ్డు మా డ్రమ్మర్ వాళ్ళ పెదనాన్నగారిది. ఆదివారం పనివాళ్ళు రారు కాబట్టి మధ్యాహ్నం రెండింటి నుంచి చీకటి పడేదాకా గది మాదే. వారమంతా సుత్తి దెబ్బలు, వెల్డింగ్, గ్రైండింగ్ వినే వీధి అది, మా హెవీ మెటల్ సంగీతం మోత గురించి ఇంతవరకు ఎవరూ వచ్చి అడగలేదు. అదే సత్యనారాయణపురంలో మా ఇంట్లో అయితే పెద్ద యాంప్ (శబ్దం పెంచే పెట్టె) ఆన్ చేసే ధైర్యం కూడా నాకు లేదు, అక్కడ హెడ్‌ఫోన్సే.

బాస్ పట్టుకుని నాలుగేళ్ళయింది. నాలుగు తీగలు, గిటార్ కంటే పొడుగు మెడ, గిటార్ కంటే సరిగ్గా ఒక స్థాయి కింద మోగుతుంది. మామూలు ట్యూనింగ్‌లో గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్ (సెకనుకి 82 సార్లు ఊగుతుంది) అయితే బాస్ లావు తీగ 41. మా బ్యాండ్‌లో అందరం ఇంకో స్వరం కిందకి దించుకుంటాం కాబట్టి నా లావు తీగ డి అనే స్వరం, అంటే దాదాపు 37 హెర్ట్జ్. మామూలు సెట్టు తీగలు వేసి అంత కిందకి దించితే వదులైపోయి మెడ మీది ఫ్రెట్ల (లోహపు అడ్డ గీతల) మీద గరగరమంటాయి, అందుకని లావు సెట్టు తెప్పించుకుంటాను. మన ఎండలకి, చెమటకి అవి తొందరగా తుప్పు పడతాయి, వాయించిన ప్రతిసారీ పాత నూలు గుడ్డతో తుడిచి పెట్టాల్సిందే.

మెటల్‌కీ ఆటోనగర్‌కీ ఉన్న చుట్టరికం నాకు చాలా ఇష్టమైన విషయం. ఈ సంగీతం మొదలైంది అనదగ్గ ఊరు బర్మింగ్‌హామ్, ఇంగ్లండ్‌లో ఫ్యాక్టరీల ఊరు. అక్కడి బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ గిటారిస్ట్ టోనీ అయోమీ కుర్రతనంలో రేకులు కోసే ఫ్యాక్టరీలో పనిచేస్తూ, ఆ పనికి ఆఖరి రోజున, కుడిచేతి రెండు వేళ్ళ కొసలు మిషన్‌లో పోగొట్టుకున్నాడు. ఆయనది ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కే వేళ్ళే పోయాయి. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు, సన్నటి తీగలు వేసుకున్నాడు, తర్వాత తీగల బిగువు తగ్గించి ట్యూనింగ్ కిందకి దించాడు. ఆయన పక్కనే బాస్ వాయించిన గీజర్ బట్లర్ మొదట రిథమ్ గిటారిస్టే. 1970లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్ ఇప్పటికీ పెట్టుకుని వింటే, గిటార్ వెళ్ళిన దారిలోనే బాస్ వెళ్తూ, మధ్యలో దొరికిన చిన్న సందులో తన మాట తను చెప్పి మళ్ళీ వచ్చి కలుస్తుంది. మా గది గోడకి ఆనించిన రేకు ముక్కలు చూసినప్పుడల్లా నాకు ఆ ఫ్యాక్టరీ గుర్తొస్తుంది.

ఇక ఆ గది సంగతి. మొదట్లో ఒక స్వరం దగ్గరికి రాగానే గదంతా గుమ్మని ఊగేది, షట్టర్ టకటకా వణికేది, మిగతా స్వరాలు మాత్రం మామూలుగా ఉండేవి. నా యాంప్ పాడైందనుకున్నా. ఎవరో చెప్పారని కోడిగుడ్ల అట్టలు తెచ్చి గోడలకి అంటించాం, రెండు ఆదివారాలు పట్టింది, ఆ గుమ్ముకి ఏమీ కాలేదు. తర్వాత లెక్క వేస్తే అర్థమైంది. గది పొడవు 12 అడుగులు. ధ్వని సెకనుకి సుమారు 345 మీటర్లు పోతుంది కదా, ఎదురెదురు గోడల మధ్య కొట్టుకుంటూ నిలబడిపోయే మొదటి స్వరం 47 హెర్ట్జ్ దగ్గర తేలింది. నా లావు తీగ మీద నాలుగో ఫ్రెట్, ఎఫ్ షార్ప్, 46. అదే ఇది! ఏడు మీటర్ల పైన పొడవుండే అలని కోడిగుడ్ల అట్ట ఏం ఆపుతుంది? యాంప్‌ని మూల నుంచి తీసి గది మధ్యకి దగ్గరగా జరిపితే సగం బాధ తగ్గింది. మీలో ఎవరైనా చిన్న గదిలో బాస్ వాయిస్తుంటే అట్టల మీద డబ్బు పెట్టకముందు యాంప్‌ని మూల నుంచి బయటికి లాగి చూడండి.

అసలు కష్టం వేగంలో ఉంది, ఈ పోస్టు రాయడానికి కారణం కూడా అదే. మా పాటల్లో ఒకటి నిమిషానికి 160 బీట్లు. బీటుకి నాలుగు చొప్పున డబుల్ పెడల్ (డ్రమ్మర్ రెండు కాళ్ళతో పెద్ద డ్రమ్ కొట్టే పెడల్) పడుతుంటుంది, దాంతోపాటే నేనూ వాయించాలి. అంటే ఒక్కో దెబ్బకి దొరికే టైమ్ 94 మిల్లీసెకన్లు. నా డి తీగ ఒక్కసారి అటూ ఇటూ ఊగడానికి 27 మిల్లీసెకన్లు కావాలి. మూడున్నర సార్లు ఊగేలోపు ఆ స్వరం పుట్టాలి, వినపడాలి, పోవాలి. పోకపోతే దాని తోక తర్వాతి దాని మీద పడుతుంది, దాని తోక ఆ తర్వాతి దాని మీద, మొత్తం కలిసి బురద అవుతుంది. నేను మూడేళ్ళు వేళ్ళ వేగం పెంచుకోవడం మీదే పడ్డాను. వేగం వచ్చింది, బురద పోలేదు. ప్రాక్టీస్ రికార్డింగ్ విన్న ప్రతిసారీ డ్రమ్స్ విడివిడిగా ముత్యాల్లా వినపడేవి, వాటి కింద నాది ఒకటే హోరు.

దారి చూపించింది మా వీధిలో ఉండే మృదంగం మాస్టారు. ఒకరోజు సాయంత్రం అరుగు మీద కూర్చుని తీగలు మారుస్తుంటే ఆగి చూశారు.

"ఏమయ్యా, ఆ చివరి తీగ మరీ అంత లావేమిటి?"

"బరువుంటే శబ్దం కిందకి దిగుతుంది మాస్టారూ."

"మరి మా ఎడం వైపు రవ్వ ముద్ద పెట్టేది ఎందుకనుకున్నావు!" అని నవ్వి ఇంటికి రమ్మన్నారు.

వెళ్తే మృదంగం ముందు పెట్టుకుని, తడిపిన రవ్వ ముద్ద తొప్పి (ఎడమ వైపు ముఖం) మధ్యలో అద్ది, అరచేత్తో గుండ్రంగా పరిచారు. ముద్ద పెట్టకముందు కొడితే పొడిగా, డొల్లగా ఉంది. పెట్టాక కొడితే ఆ మోత నేల మీద కూర్చున్న నా మోకాళ్ళకి తెలిసింది. అప్పుడు రెండే రెండు దెబ్బలు చూపించారు. తోం అని కొట్టి చెయ్యి తీసేస్తే మోత సాగుతుంది. త అని కొట్టి చెయ్యి అక్కడే ఉంచేస్తే మూసుకుపోతుంది. నా రిఫ్‌ని, అంటే పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే బాణీ ముక్కని, నోటితో చెప్పమన్నారు. తకధిమి తకధిమి అన్నాను. "సరే, వీటిలో నువ్వు తెరిచేవి ఎన్ని, మూసేవి ఎన్ని?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. నాలుగేళ్ళలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు, నాకు నేను వేసుకోలేదు.

ఐరన్ మెయిడెన్ బ్యాండ్ బాసిస్ట్ స్టీవ్ హారిస్ వాయించే ఆ గుర్రపు పరుగు లాంటి నడక ఉంది చూశారా, రెండు వేళ్ళతో, పిక్ (తీగ మీటే చిన్న ముక్క) లేకుండా. దాన్ని కూడా మాస్టారి పద్ధతిలో చెప్పుకుని చూశాను. తాకిట తాకిట తాకిట. తా కొంచెం సాగాలి, కిట పొట్టిగా పడి ఆగిపోవాలి. ఇన్నాళ్ళూ నేను మూడింటినీ ఒకేలా సాగదీస్తున్నాను. ఆ మనిషి చెయ్యి ఎంత శుభ్రంగా ఆగుతుందో ఆ రోజు రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాక తెలిసింది, నిజంగా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అప్పటి నుంచి నా ప్రాక్టీస్ మారిపోయింది. మెట్రోనోమ్ (తాళం టిక్కులు వేసేది) నిమిషానికి 60లో పెట్టి ఒక్క స్వరం, అది ఎక్కడ మొదలవ్వాలి అని కాదు, ఎక్కడ ఆగాలి అని చూసుకుంటూ. ఎడమ చెయ్యి వేలుని ఫ్రెట్ మీద నుంచి పూర్తిగా ఎత్తకుండా బిగువు మాత్రం వదలాలి, తీగ చర్మానికి ఆనుకుని చచ్చిపోవాలి. పూర్తిగా ఎత్తేస్తే ఖాళీ తీగ మోగుతుంది. కుడిచేతి బొటనవేలు లావు తీగ మీద ఆనించి ఉంచాలి, నేను పై తీగల మీద ఉన్నప్పుడు అది తనంతట తను మోగకుండా. వాయించని తీగలు కూడా గదిలో మోతకి ఊగుతూనే ఉంటాయి, వాటిని కాపలా కాయడం కూడా బాస్ వాయించేవాడి పనే. నాలుగు నెలలకి మా డ్రమ్మర్ ఒక పాట మధ్యలో ఆపేసి, "మామా, ఇప్పుడు నా కాలు నాకు వినపడుతోంది రా" అన్నాడు. నాకు అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఇంకోటి లేదు.

గుంటూరులో ఒక కాలేజీ ఫెస్ట్‌లో వాయించినప్పుడు ఇంకో పాఠం. స్టేజీ కరెంటంతా జనరేటర్ మీద, ఎర్తింగ్ సరిగ్గా లేదు, నా బాస్‌లో సింగిల్ కాయిల్ పికప్ (తీగ ఊపుని పట్టే, చుట్టూ ఉన్న కరెంటు రొదని కూడా పట్టేసే భాగం), ప్లగ్ పెట్టగానే సౌండ్ బాక్సుల్లో హమ్, అంటే ఆగని హోరు. కరెంటు హమ్ 50 హెర్ట్జ్, లావు తీగ పక్కనున్న తీగ ఖాళీగా మోగిస్తే జి, 49. రెండూ కలిసి సెకనుకోసారి ఊ... ఊ... అని ఊపిరి తీసినట్టు ఊగడం స్టేజీ మీద నిలబడి విన్నాను. మిక్సర్ దగ్గరున్న ఆయన హమ్ పోవాలని నా ఛానల్‌లో కింద శబ్దమంతా కోసేశాడు. ఆయన తప్పు లేదు, వచ్చినవాళ్ళకి ఆ హోరు వినిపించకూడదు కదా. పక్కనే నా యాంప్ ఉంది కాబట్టి నాకు అంతా బాగానే వినపడింది, అరగంట ప్రాణం పెట్టి వాయించాను, కిందకి దిగాక ఫ్రెండ్ చెప్పాడు, బయటికి బాస్ రాలేదని. రైల్లో తిరిగొస్తూ మెటాలికా బ్యాండ్ 1988 ఆల్బమ్ గుర్తొచ్చింది. వాళ్ళ బాసిస్ట్ క్లిఫ్ బర్టన్ చనిపోయాక జేసన్ న్యూస్టెడ్ వాయించిన మొదటి పూర్తి ఆల్బమ్, అందులో బాస్ దాదాపు వినపడదు. అంత వాయించి, తన చేతి పని తనకే దొరకకపోతే ఆ మనిషికి ఎలా ఉండి ఉంటుందో. ఆ వారమే పికప్ గూడు లోపల రాగి రేకు అతికించి ఎర్త్‌కి కలిపాను, ఎర్త్ విడగొట్టే స్విచ్చున్న డీఐ బాక్స్ (బాస్‌ని మిక్సర్‌కి కలిపే చిన్న పెట్టె) కొన్నాను. ఇప్పుడు ఎక్కడికెళ్ళినా అది నా సంచిలోనే.

ప్రాక్టీస్ వీడియో అమ్మకి ఫోన్‌లో చూపిస్తే "ఇందులో నీ సౌండ్ ఏది నాన్నా?" అని అడిగేది. ఫోన్ స్పీకర్‌కి 37 హెర్ట్జ్ పలికే శక్తి లేదు, చెవి పై స్వరాలని బట్టి కింద ఉన్నదాన్ని ఊహించుకోవాలి. అందుకే మెటల్‌లో చాలామంది బాస్‌కి కూడా కొంచెం డిస్టార్షన్ కలుపుతారు, ఆ గరుకులో పై స్వరాలు పుట్టుకొస్తాయి, చిన్న స్పీకర్‌లోనూ దారి దొరుకుతుంది. మోటర్‌హెడ్ బ్యాండ్‌లో లెమ్మీ బాస్ అంత గర్రుమనడం ఊరికే కాదు. నేనూ కలిపాను. పోయిన నెల వీడియోలో అమ్మ వంటింట్లోంచే "ఆ గరగర నీదేనా?" అంది. నాదే.

ఇప్పుడు కొత్త పాట మొదలుపెట్టాం, ఈసారి బాగా నెమ్మది, నిమిషానికి 60. ఒక్కో స్వరం నాలుగు బీట్లు నిలబడి, అయిదో బీటు మీద అందరం ఒక్కసారిగా ఆగిపోవాలి, పూర్తి నిశ్శబ్దం, మళ్ళీ మొదలు. చిక్కేమిటంటే మా గిటారిస్ట్ రాసిన రిఫ్ ఎఫ్ షార్ప్ మీద ఉంది. నేను తీగ ఆపినా ఆ గది ఆపడం లేదు, షట్టర్ ఇంకో క్షణం వణుకుతూనే ఉంది. రిఫ్ మార్చడం నాకు ఇష్టం లేదు, అది ఉండాల్సిన చోటే ఉంది. వచ్చే ఆదివారం యాంప్‌ని బయట పెద్ద షెడ్డులోకి, సగం కట్టిన లారీ బాడీల మధ్యకి లాగి చూద్దామనుకున్నాం. పెదనాన్నగారిని ఇంకా అడగలేదు.